కాల్చినప్పుడు గాజు పొర రావడానికి కుండకు సోడా యాష్ (సోడియం కార్బొనేట్) నీళ్లు పూసే ముందు

☐ పొడి తూచకముందే మాస్కు, కళ్లజోడు, రబ్బరు గ్లౌజులు. ఈ ద్రావణం పీహెచ్ సుమారు 11, అంటే ఘాటైన క్షారం. కంట్లో పడితే ధారగా నీళ్లతో 15 నిమిషాలైనా కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

☐ ప్లాస్టిక్ బకెట్ చాలు. అల్యూమినియం గిన్నె వద్దు, క్షారం దాన్ని తినేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో పొడిని కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. పొడి మీద నీళ్లు పోస్తే గడ్డకట్టి వేడెక్కుతుంది.

☐ వంటసోడా వేరు. స్ఫటికాల చాకలి సోడా సోడా యాషే గానీ, దాని బరువులో సగానికి పైగా నీరే, కాబట్టి కొలత మారుతుంది.

☐ స్ప్రే కన్నా బ్రష్షే నయమని నా అభిప్రాయం: తుంపర ఊపిరిలోకి పోదు, ఎక్కడ ఎంత పడిందో కనిపిస్తుంది. స్ప్రే తప్పనిసరైతే ఆరుబయటే, సరైన మాస్కుతో.

☐ అన్నిటికన్నా ముఖ్యం, కుండ అడుగు. సోడా యాష్ 851 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, మట్టిలోని సిలికాతో కలిసి గాజవుతుంది. అడుగున ఉంటే కుండ బట్టీ పలకకు అతుక్కుపోతుంది. తడిగుడ్డతో శుభ్రంగా తుడవండి, పలకకు అల్యూమినా (బట్టీ వేడికి కరగని తెల్లపొడి) పూత వేయండి. ఆరేకొద్దీ సోడా అంచులకు చేరి తెల్లగా పేరుకుంటుంది, అక్కడ ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

☐ కరెంటు బట్టీ అయితే పూత పలచగా ఉండాలి. ఎక్కువైతే సోడా ఆవిరి బట్టీని వేడిచేసే తీగచుట్టలనూ ఇటుకలనూ పాడుచేస్తుంది. ముందు చిన్న మట్టిబిళ్ల మీద కాల్చి చూడండి.