స్టీరియో స్లైడ్ వ్యూయర్‌లో అంచులు మసకబారితే లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా

జంట ఫోటోలను రెండు లెన్స్‌ల ద్వారా చూపి లోతు తెలిసేలా చేసే పాత స్టీరియో స్లైడ్ వ్యూయర్‌ను కొనేటప్పుడు చాలామంది బల్బు వెలుగుతోందా, పెట్టె పగలకుండా ఉందా అని చూస్తారు గాని, చిత్రం అంచుల దాకా స్పష్టంగా ఉందో లేదో పరీక్షించరు. నా దృష్టిలో మొదట చూడవలసింది అదే. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి స్లైడ్‌లో మధ్యనున్న మాను ఎంత స్పష్టంగా కనిపించినా, చట్రం చివరి దాకా పరచుకున్న కొమ్మలూ ఆకులూ అలుక్కుపోతే ఆ చెట్టు కింద నిలబడిన అనుభూతి కలగదు. అయితే ప్రతి మసకకూ లెన్స్‌నే తప్పుపట్టకూడదు. ఫిల్మ్ ఉబ్బి ఉండవచ్చు, కన్ను లెన్స్ మధ్యకు రాకపోయి ఉండవచ్చు, అసలు ఫోటోలోనే ఆ మసక ఉండవచ్చు.

అందువల్ల ముందుగా ఫిల్మ్‌ను పక్కన పెట్టండి. ఖాళీ కార్డుబోర్డు మౌంటు (ఫిల్మ్‌ను పట్టి ఉంచే చట్రం) కిటికీకి సన్నని స్టీలు జల్లెడ ముక్కను ఎక్కడా వంకర లేకుండా అంటించి, దాన్నే స్లైడ్ స్థానంలో ఉంచండి. వ్యూయర్‌కు బల్బు లేకపోతే ట్రేసింగ్ కాగితం అంటించిన కిటికీ వైపు తిప్పి చూడండి. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకండి, లెన్స్ ఎండను కేంద్రీకరించి కంటికి శాశ్వతంగా హాని చేయగలదు. ఒక కన్ను మూసుకొని, మధ్యలోని తీగలు స్పష్టంగా కనిపించేలా ఫోకస్ చేసి, తల కదపకుండా చూపును నాలుగు మూలలకూ నడపండి.

మూల మసకగా ఉంటే ఫోకస్ చక్రాన్ని కొద్దిగా తిప్పండి. మూల స్పష్టమై మధ్యభాగం మసకబారితే అది లెన్స్ ఫోకస్ తలం, అంటే ఒకే ఫోకస్‌లో స్పష్టంగా కనిపించే తలం, చదునుగా కాక వంగి ఉండడం వల్ల వచ్చిన లోపం. ఒంటి గాజు లెన్స్‌లన్నిటిలోనూ ఇది ఎంతో కొంత ఉంటుంది. ఒక దిశలోని తీగలు స్పష్టంగా ఉండి వాటికి అడ్డంగా ఉన్నవి మసకగా ఉంటే, చక్రం తిప్పినప్పుడు ఆ వరస తారుమారైతే, అది ఆస్టిగ్మాటిజం. అయితే మధ్యలో కూడా అలాగే కనిపిస్తే ముందు మీ కంటిని అనుమానించి, కళ్లద్దాలు పెట్టుకొని మళ్లీ చూడండి. తీగల పక్కన నీలం, నారింజ అంచులు కనిపిస్తే లెన్స్ రంగులన్నిటినీ ఒకేచోట చేర్చలేకపోతోందని అర్థం. క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులను కలిపి చేసిన అక్రోమాటిక్ లెన్స్ ఈ రంగు అంచులను బాగా తగ్గిస్తుంది. కాని అక్రోమాటిక్ అన్నంత మాత్రాన ఫోకస్ తలం చదునవుతుందని అనుకోకూడదు. రంగులు చక్కబడినా మూలలు మసకగానే మిగిలే లెన్స్‌లున్నాయి.

ఇప్పుడు అసలు స్లైడ్ పెట్టి, ముందు మధ్యభాగాన్ని, తర్వాత మసకగా ఉన్న మూలను ఫోకస్ చేయండి. మూల కోసం చక్రాన్ని ఏ వైపు తిప్పారో గుర్తుంచుకొని, స్లైడ్‌ను ముందువెనకలుగా తిప్పి, మధ్యభాగాన్ని తిరిగి ఫోకస్ చేసి, ఒంటి కంటితోనే మళ్లీ చూడండి. ఈసారి చక్రాన్ని ఎదురు దిశలో తిప్పవలసి వస్తే ప్రధాన లోపం ఫిల్మ్ ఉబ్బుదే; అదే దిశలో తిప్పితే లెన్స్‌దే. ఎలా తిప్పినా ఆ మూల స్పష్టం కాకపోతే, వీలైనంత వరకు స్లైడ్‌ను జరిపి దాన్ని లెన్స్ మధ్యకు తెచ్చి చూడండి. అక్కడ కూడా మసక పోకపోతే అది కెమెరా నుంచే వచ్చింది. ఈ పరీక్షకు స్లైడ్ ఎంపిక ముఖ్యం. పోచంపల్లి ఇక్కత్‌లో రంగుల అంచులు నేతలోనే మెత్తగా కలుస్తాయి కాబట్టి ఆ చీర బొమ్మ స్పష్టతకు కొలబద్ద కాదు. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయ శిల్పాల వంటివి చట్రమంతా నిండిన స్లైడ్ ఎంతో మేలు.

రెండు వ్యూయర్లను పోల్చేటప్పుడు లెన్స్ నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్‌ను) తప్పక గమనించండి. 22 మి.మీ. వెడల్పున్న చిత్రాన్ని 50 మి.మీ. లెన్స్ సుమారు 25 డిగ్రీల కోణంలో చూపితే, 35 మి.మీ. లెన్స్ సుమారు 35 డిగ్రీల కోణంలో చూపుతుంది. 1947లో వచ్చిన స్టీరియో రియలిస్ట్ కెమెరా లెన్స్ నాభ్యంతరం 35 మి.మీ. కాబట్టి, దాని స్లైడ్లను సహజ కోణంలో చూడాలంటే వ్యూయర్‌కూ అంతే ఉండాలి. కాని కోణం పెరిగిన కొద్దీ అంచుల దగ్గర లెన్స్‌పై భారం పెరుగుతుంది. 50 మి.మీ. వ్యూయర్‌లో మూలలు బాగున్నంత మాత్రాన దాని లెన్స్ గొప్పదని తీర్పు చెప్పడం తొందరపాటే. వెడల్పాటి లెన్స్ వల్ల కన్ను కొంచెం జరిగినా చిత్రం నిలుస్తుంది, కళ్లద్దాలున్నవారికి సౌకర్యం. అంతకు మించి లెన్స్ వెడల్పు అంచుల స్పష్టతకు హామీ ఇవ్వదు.

ఫిల్మ్ ఉబ్బు వల్ల వచ్చిన మసకకు, ఫిల్మ్‌ను రెండు గాజు పలకల మధ్య బిగించే గాజు మౌంటు మంచి మందు. నల్లగొండ ఎండల్లో, అందులోనూ బల్బు వేడికి, కార్డుబోర్డు మౌంటులోని ఫిల్మ్ చూస్తుండగానే ఉబ్బుతుంది. అయితే వానాకాలపు తేమలో గాజు బిగించకండి. లోపల చిక్కిన తేమ బూజుకు దారితీస్తుంది.

లోపం లెన్స్‌దేనని తేలితే, మరలు విప్పడానికి వీలున్న వ్యూయర్‌లో లెన్స్‌ను తిరగేసి జల్లెడ పరీక్షను మళ్లీ చేయండి. రెండు వైపులా వంపు సమానంగా లేని లెన్స్‌ను ఎవరో వెనకా ముందూ మార్చి బిగించి ఉంటే, ఒక్క ఈ మార్పుతోనే మూలలు గణనీయంగా మెరుగుపడవచ్చు. విప్పే ముందు లెన్స్ ఏ ముఖం కంటి వైపు ఉందో రాసిపెట్టుకోండి. ఏ దిశ మెరుగని తేలితే కుడి, ఎడమ లెన్స్‌లు రెండింటినీ ఆ దిశలోనే బిగించండి.