ఇంటి అక్వేరియంలో నీటి ప్రసరణ – 3వ పాఠం: కరెంటు పోతే నీళ్ళు ఎక్కడ ఆగాలి?

కిందటి పాఠంలో ట్యాంకుకు నిపిల్ (పైపు తగిలించే ముక్క) బిగించి, నీళ్ళు కిందికి దిగే 1 అంగుళం డ్రెయిన్ పైపును సంపులోకి, అంటే ట్యాంకు కింద పెట్టిన రెండో తొట్టిలోకి, దించాం. ఇప్పుడు సంపు నీళ్ళు మళ్ళీ పైకి ఎక్కాలి. ఈ పాఠంలో కొలతలన్నీ మన పాత ట్యాంకువే: పొడవు 90, వెడల్పు 30, ఎత్తు 45 సెంటీమీటర్లు. 40 సెం.మీ. దాకా నింపితే 108 లీటర్లు.

ముందు పంపు. గంటకు నాలుగైదు సార్లు నీళ్ళు తిరగాలంటే సుమారు 500 లీటర్లు కావాలి. అట్ట మీద 500 అని ఉన్న పంపు కొంటే చాలదు. అది ఎత్తు లేనప్పటి లెక్క. మన నీళ్ళు సంపు నుంచి ట్యాంకు దాకా 120 సెం.మీ. ఎక్కాలి. 2 మీటర్లు గరిష్ఠ ఎత్తు అని రాసిన పంపులో అక్కడికి చేరేసరికి దాదాపు 40 శాతమే మిగులుతుంది. ఎల్బోల దగ్గర ఇంకొంత పోతుంది. అందుకని 1,500 లీటర్లది తీసుకోండి. ఎక్కువైతే రిటర్న్ పైపు (పంపు నుంచి నీళ్ళు పైకి తెచ్చేది) మీద బాల్ వాల్వు పెట్టి తగ్గించవచ్చు. డ్రెయిన్ పైపు మీద మాత్రం వాల్వు ఎప్పుడూ పెట్టకండి. పైపు బిగించాక 10 లీటర్ల బకెట్ పట్టి చూడండి. 72 సెకన్లలో నిండితే గంటకు సరిగ్గా 500 లీటర్లు.

ఇక అసలు విషయం. కొత్తగా కట్టినవాళ్ళ ఇంట్లో హాలు తడిసేది ఎక్కువగా ఇక్కడే. పంపు ఆగగానే రిటర్న్ పైపులో నీళ్ళు వెనక్కి తిరుగుతాయి. పంపు లోపలి రెక్కలు వాటిని ఆపలేవు. పైపు ఒక మూతి ట్యాంకు నీళ్ళలో మునిగి ఉంది, రెండోది కింద సంపులో ఉంది. అంటే అది సైఫన్. పై మూతికి గాలి తగిలేదాకా ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. ట్యాంకులో 1 సెం.మీ. నీరు అంటే 2.7 లీటర్లు. పైపు మూతి 10 సెం.మీ. లోతున ఉంటే 27 లీటర్లు దిగుతాయి. మన సంపు 60×30×30. నీళ్ళు 20 సెం.మీ. ఉంటే పైన ఖాళీ 18 లీటర్లకే. మిగతా 9 లీటర్లు నేల మీదే.

మందు చిన్నదే. ట్యాంకు లోపల నిలువుగా దిగే రిటర్న్ పైపుకు, పంపు నడిచేటప్పటి నీటి మట్టానికి 2 సెం.మీ. కింద, 5 మి.మీ. బిట్‌తో రెండు రంధ్రాలు వేయండి. మట్టానికి పైన వేస్తే నీళ్ళు మూత మీదికి చిమ్ముతాయి. పంపు ఆపి చెవి పెట్టి వినండి: నీరు రంధ్రం దాకా దిగగానే సుర్రుమని గాలి పీలుస్తుంది, పైపులో నీళ్ళు ఒక్కసారిగా జారిపోతాయి. దిగింది 5 లీటర్ల పైచిలుకే, సంపులో 3 సెం.మీ. పెరుగుదల. ఒక్క రంధ్రమే ఉంటే దాన్ని నత్త గానీ పాచి గానీ మూసేయవచ్చు. రెండు వేయమన్నది అందుకే. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వును నమ్ముకోవద్దు. దాని రెప్ప కింద ఒక పాచి పోగు చిక్కినా మూసుకోదు.

పరీక్ష ఇలా చేయండి. పంపు ఆపి, నీళ్ళు దిగడం ఆగాక, సంపును అంచుకు 3 సెం.మీ. తక్కువగా నింపండి. పంపు వేసి పది నిమిషాలయ్యాక, సంపులో నీరు నిలిచిన చోట మార్కర్‌తో గీత గీయండి. ఇక ఆ గీత దాటి ఎన్నడూ నీళ్ళు పోయకండి. ఆవిరి వల్ల తగ్గేది కూడా సంపులోనే కాబట్టి, వేసవిలో రోజూ చూడాలి. నీళ్ళు తగ్గి పంపు బయటపడితే కాలిపోతుంది.

పంపు వైరు ప్లగ్గుకు చేరే ముందు, సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారే చుక్క కిందే రాలిపోతుంది, సాకెట్లోకి పోదు.

పంపు నడుస్తుండగా డ్రెయిన్ మూసుకుపోతే కథ తిరగబడుతుంది, పొంగేది పై ట్యాంకు. దానికి కావలసిన రెండో డ్రెయిన్ వచ్చే పాఠంలో. ఇంకో 1 అంగుళం నిపిల్, మూరెడు పైపు, రెండు ఎల్బోలు తెచ్చి ఉంచండి.