వరి విత్తనోత్పత్తి – 3వ పాఠం: అంచు వదలడం, కేళీలు తీయడం

మూల విత్తనం, నారుమడి సంగతి గత పాఠాల్లో చూశాం. ఇక నాటిన చేను.

చిన్న మడికి మొదటి చిక్కు వేర్పాటు దూరం, అంటే విత్తన పంటకూ పక్కనున్న వేరే రకానికీ మధ్య ఉండాల్సిన ఎడం. వరి స్వపరాగ సంపర్క పంట (తన పుప్పొడితోనే గింజ కడుతుంది) కాబట్టి సూటి రకాలకు 3 మీటర్లు చాలు (హైబ్రిడ్లకు ఈ లెక్క పనికిరాదు). అయితే 20 మీటర్ల చదరపు మడికి నాలుగు వైపులా వేరే రకం ఉందనుకోండి. అంచున 3 మీటర్ల చొప్పున వదిలితే విత్తనానికి మిగిలేది 14 × 14, అంటే 196 చదరపు మీటర్లు. సగం కూడా లేదు! ఆనుకొని ఉన్న నలుగురు రైతులు ఒకే రకం, ఒకే మూల విత్తనం వేస్తే 40 × 40లో 34 × 34 దక్కుతుంది, 72 శాతం. చిన్న రైతులు జట్టుగా దిగాలని పట్టుబట్టేది ఇందుకే. అంచు పంటను ముందే విడిగా కోసి తిండికి వాడుకోండి.

వరుసల్లోనే నాటండి. వరుస తప్పి లేచిన మొక్క చాలావరకు గత పంటలో రాలిన గింజదే, కనబడగానే పీకేయండి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే దుబ్బులు తొక్కకుండా రెండు వైపులా చూడొచ్చు.

కేళీలను, అంటే మనం వేసిన రకానికి చెందని తేడా మొక్కలను, పిలకల దశలో ఎత్తు, ఆకు రంగు, కాండం మొదట్లో ఊదా రంగు చూసి పట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది పూత దశ. మిగతా చేనుకన్నా ముందే ఈనిన దుబ్బును పుప్పొడి రాలకముందే తీయాలి. కోతకు ముందు మీసాలు, గింజ ఆకారం, పొట్టు రంగు చూడండి. ఎండ వీపు మీద పడేలా నడిస్తే రంగు తేడా బాగా తెలుస్తుంది. వెన్ను మాత్రం తుంచితే లాభం లేదు, అదే దుబ్బులో వెనకబడిన పిలక మళ్లీ ఈనుతుంది. వేళ్లతో సహా పీకి గట్టు దాటించండి.

ఇంత శ్రమా నూర్పిడి యంత్రంలో పోవచ్చు. జల్లెడలో, మూలల్లో పాత గింజలు ఇరుక్కుని ఉంటాయి. దులిపి, కొద్దిసేపు ఖాళీగా తిప్పి, మీ పంటలో మొదటి సంచిని తిండి గింజల్లో కలిపేయండి. పాత సంచులు వద్దు.

అభ్యాసం: పూత దశలో ఐదు చోట్ల వెయ్యేసి వెన్నులు లెక్కపెట్టండి. 5,000లో కేళీలు 10 మించితే చేనంతా మళ్లీ తిరగాలి. ఆరబెట్టడం, తేమ చూడడం వచ్చే పాఠంలో.