ఫాస్ట్ బ్రేక్‌లో అందరూ రింగు కిందే గుమిగూడుతున్నారా?

సమస్య: బాస్కెట్‌బాల్‌లో ఫాస్ట్ బ్రేక్ అంటే బాల్ దొరకగానే అవతలివాళ్లు సర్దుకునేలోపే దూసుకెళ్లడం. రీబౌండ్, అంటే పడకుండా తిరిగొచ్చిన బాల్, మనదే. మనవాళ్లు ముగ్గురు, అవతల ఇద్దరే. అయినా లేఅప్, అంటే రింగు దగ్గరికెళ్లి వేసే షాట్, పడదు. రింగు కింద బస్సు ఎక్కేటప్పటి తోపులాట, బాల్ అవతలివాళ్ల చేతిలో.

మహబూబ్‌నగర్‌లో పొద్దున పూట పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతుంటాను. ఇలా అయినప్పుడల్లా అందరూ స్పీడ్ లేదని పిల్లలనే తిడతారు. స్పీడ్ సంగతి తర్వాత. బాల్ సగం గీత దాటగానే విజిల్ వేసి అందరినీ ఉన్నచోటే నిలబెట్టండి. రెండు వింగ్‌ల, అంటే రెండు అంచుల వెంబడి ఉరికేవాళ్ల, పాదాలు చూడండి. సైడ్‌లైన్ పక్కన లేకపోతే రోగం అక్కడే. ఎంతమందికి చెప్పినా ఈ ఒక్క పనీ చేయరు.

వింగ్‌లు బయటే ఉంటే ఎవరి పని ఎవరు చేస్తున్నారో చూడాలి. ఒకరు నేరుగా రింగుకు, ఇంకొకరు ట్రెయిలర్‌గా బాల్ వెనకాల. అవుట్‌లెట్ పాస్, అంటే రీబౌండ్ పట్టినవాడు ఇచ్చే తొలి పాస్, కోసం గార్డ్ (బాల్ నడిపించేవాడు) పక్కకు జరగాలి. ఇవి వారంలో సర్దుకుంటాయి.

నన్ను ముంచింది వేరే. ఓ సీజనంతా "బయటికి, బయటికి" అని అరిచి గొంతు పోగొట్టుకున్నాను. సరే సార్ అంటారు, మళ్లీ లోపలి నుంచే ఉరుకుతారు. విసుగొచ్చి ఓ రోజు నేనే వింగ్‌లో ఉరికాను. నాలుగో అడుగుకే జారింది. అంచు వెంబడి సిమెంటు లేచి కంకర తేలింది. పడతామని పిల్లలు రెండు మీటర్లు లోపలికి జరిగిపోయారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. మంచి కోర్టులో మ్యాచ్ ఆడించినా అదే అలవాటు, అందుకే నాకు అంతుబట్టలేదు. కోర్టు వెడల్పు 15 మీటర్లు. రెండు పక్కలా రెండేసి పోతే 11. అంత మేర ఇద్దరు డిఫెండర్లు హాయిగా కాస్తారు. పైగా కార్నర్‌లో మూడు పాయింట్ల గీత సైడ్‌లైన్‌కు 90 సెంటీమీటర్లే. మనవాడు ఆ గీత లోపలే ఆగితే డిఫెండర్ రింగు వదిలి రావాల్సిన పనేలేదు.

పరిష్కారం: ప్రాక్టీస్‌కు ముందు అంచులు ఊడ్పించండి, గుంతలు పూడ్పించండి. సైడ్‌లైన్‌కు మీటరు లోపల సున్నంతో గీత గీయండి. ఫ్రీత్రో లైన్‌కు (రింగు ముందు అడ్డంగా ఉండే గీత) సమానంగా వచ్చేదాకా వింగ్ ఆ గీత దాటి లోపలికి రాకూడదు. ఆ తర్వాతే రింగు వైపు తిరగాలి. మాకు రెండు వారాలు పట్టింది.

బాల్‌లో గాలి, స్టామినా లాంటివి చివర్న చూసుకోవచ్చు. ఊడ్చాక కూడా ఒక్కడే లోపలికి వస్తుంటే వాడి బూటు తిప్పి అడుగు భాగం చూడండి. నున్నగా అరిగిపోయి ఉంటుంది.