జలుబుల కాలం రాకముందే: చెవి, ముక్కు, గొంతు జాగ్రత్తలు

చలి ముదిరిందంటే ఈఎన్‌టీ ఓపీ ముందు కుర్చీలు చాలవు. అక్కడ చీట్లు రాసే బల్ల దగ్గర నేను కొన్నేళ్లు కూర్చున్నాను. వచ్చేవాళ్లలో చాలామందిది వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోయే జలుబే. ఆ రద్దీలో నిజంగా ఆలస్యం కాకూడనివాళ్లు వెనకపడిపోతారు. నా భయమంతా అదే.

ఒకాయన వచ్చి, "కుడి చెవి దిబ్బడేసిందమ్మా, గుబిలి అయ్యుంటుంది, తొందరేం లేదు" అన్నారు. వారం తర్వాత తేదీ వేసి ఇచ్చాను. ఆ రోజు డాక్టరుగారు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి ఆయన నుదుటి మధ్యన ఆనించి, శబ్దం ఎటువైపు వినిపిస్తోందని అడిగారు. ఎడమవైపు అన్నారాయన. గుబిలి అడ్డుపడితే మూసుకున్న చెవిలోనే గట్టిగా వినిపించాలి. బాగున్న చెవిలో వినిపించిందంటే దెబ్బతిన్నది లోపలి చెవి. ఇలా గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి వినికిడి పడిపోతే స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. ఆయన చెవి పూర్తిగా కోలుకోలేదు. నొప్పి లేదు కదా అని మీరు మాత్రం ఆగకండి.

సీజన్‌కు ముందే ముగించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గుబిలి తీయించుకోవడం, వినికిడి పరీక్ష, వినికిడి యంత్రం సరిచేయించుకోవడం లాంటివి ఖాళీ రోజుల్లో పెట్టుకోండి. ఇయర్ బడ్స్‌తో మీరే తీస్తే గుబిలి ఇంకా లోపలికి పోతుంది. పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్లు డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రేని ఆ కాలానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి, అది పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. పిల్లలకు ఫ్లూ టీకా, న్యుమోనియా, చెవిపోటు తెచ్చే ఒక బ్యాక్టీరియాను అడ్డుకునే న్యూమోకోకల్ టీకా వేయించారో లేదో చూసుకోండి. చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, అందుకే జలుబు చేస్తే వాళ్లకు చెవిపోటు అంత తేలిగ్గా వస్తుంది. ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే ఇంకా ఎక్కువ.

జలుబు చేసినప్పుడు ముక్కు రెండువైపులా మూసి గట్టిగా చీదకండి, ఒక్కోవైపే మెల్లగా చీదండి. ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కలు ఐదు రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది. ఉప్పునీళ్లతో ముక్కు కడిగేవాళ్లు మరగకాచి చల్లార్చిన నీళ్లే వాడాలి.

పొడి చలిగాలికి ముక్కులోంచి రక్తం రావడం కూడా ఎక్కువే. తల వెనక్కి వాల్చితే రక్తం గొంతులోకి పోతుంది. ముందుకు వంగి కూర్చుని, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పదిహేను నిమిషాలు గట్టిగా పట్టుకుని, నోటితో ఊపిరి పీల్చండి. మధ్యలో వదిలి చూడకండి. అప్పటికీ ఆగకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లయితే మరింత జాగ్రత్త.

అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా పరుగెత్తాల్సినవి ఇవి: ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం, ఊపిరి పీల్చేటప్పుడు గురగురమనడం, చెవి వెనక వాచి చెవి ముందుకు తోసుకురావడం, సైనస్‌తో పాటు కంటి చుట్టూ వాపు, చెవిపోటుతో మూతి ఒకవైపు వంకర పోవడం. పిల్లాడు ముక్కులోనో చెవిలోనో బటన్ బ్యాటరీ పెట్టుకున్నా, మింగినా ఒక్క నిమిషం కూడా ఆగకండి. కొద్ది గంటల్లోనే లోపలి కండ కాలిపోతుంది.

నొప్పి లేకపోయినా మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, మెడలో గడ్డ, నోటి పుండు తప్పకుండా చూపించుకోవాలి.

చీటీ రాయించుకునేటప్పుడు మాట స్పష్టంగా చెప్పండి. "చెవి దిబ్బడ" అంటే బల్ల దగ్గరివాళ్లు వారం తర్వాత తేదీ వేస్తారు. "నిన్నటి నుంచి ఈ చెవి వినబడటం లేదు, అంతకుముందు బాగానే ఉంది" అనండి. అప్పటికీ తేదీ దూరంగా వేస్తే, డాక్టరుగారిని ఒక్కమాట అడిగి రమ్మని అక్కడే నిలబడండి.