రెండు పనులవాళ్ల ఏడాది లెక్క

"అబ్బాయి ఏం చేత్తన్నాడండీ?" అని పెళ్లి పందిట్లో అడిగితే కొందరికి ఒక్క మాటలో జవాబు రాదు. రెండెకరాల చేను, పెళ్లి ఫొటోలు, సాయంత్రం ట్యూషన్లు, రాత్రికి నాటకం రిహార్సలు. భీమవరంలో 1895లో పుట్టిన అడివి బాపిరాజు గారికీ ఒక్క పని సరిపోలేదు: లా చదివారు, బొమ్మలు వేశారు, నవలలు రాశారు, పత్రిక నడిపారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు గానీ, రెండూ ఒకేసారి కదిలితేనే ఆ మాట నిజం.

అందుకని తెలుగు నెలలున్న గోడ క్యాలెండరు తీసుకోండి. పనికో రంగు పెన్నుతో, అది వదిలి కదలడానికి వీల్లేని రోజుల్ని మాత్రమే గీయండి. వరి, ఫొటోలు బాగానే అతుకుతాయి. సార్వా (వానాకాలం వరి) నాట్ల వేళకు ఆషాఢం, దాళ్వా (రెండో పంట) నాట్లకు పుష్యం, రెండింట్లోనూ పెళ్లిళ్లుండవు. దాళ్వా కోశాక కాలవలకు నీళ్లు ఆపేస్తారు, వైశాఖం పెళ్లిళ్లకు చేతులు ఖాళీ. చిక్కల్లా సార్వా కోతల దగ్గరే. నవంబరులో పనలు చేలో ఉండగా వాయుగుండం పడితే, కెమెరా పట్టుకుని కల్యాణమండపంలో ఉన్నవాడు చేసేదేమీ లేదు. ఆ పది రోజులకు బయానా పుచ్చుకోకండి, లేదా కోత మిషనును ముందే మాట్లాడుకోండి.

రొయ్యల చెరువు దారి వేరు. వనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలు. రోజూ పలుమార్లు మేత, తిన్నాయో లేదో తెలియడానికి మేత పళ్లేలు (చెక్ ట్రేలు) చూడటం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడే కరెంటు పోతే నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లకు జనరేటరు వేసే మనిషి గట్టు మీదే ఉండాలి. రాత్రి నాటకాలవాళ్లు వంతులేసుకునే భాగస్తుడు లేకుండా చెరువు పట్టొద్దు. కొబ్బరి దింపు మాత్రం దేనితోనైనా కలుస్తుంది.

డబ్బు దగ్గర పనికో బ్యాంకు ఖాతా, పనికో పుస్తకం. కలిపేస్తే కెమెరా వాయిదా సొమ్ము మేత బాకీకి వెళ్లిపోతుంది, ఏ పని నష్టపెడుతోందో తెలియదు. సార్వా, దాళ్వా రెండూ గడిచాక ఒక్కో పనిలో మిగిలినదాన్ని దానికి పట్టిన రోజులతో భాగించండి. తక్కువొచ్చినా మనసొప్పకపోతే సరదా అనే రాసుకుని, ఏడాదికింత అని హద్దు పెట్టండి. జీతంతోపాటు ఫొటోల రాబడి ఉంటే ఆదాయపు పన్ను రిటర్నుకు ఐటీఆర్-1 ఫారం పనికిరాదు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషను హద్దు ఏడాదికి 20 లక్షల రాబడి. పాన్ ఒక్కటే కాబట్టి అన్ని వ్యాపారాల రాబడినీ కలిపే చూస్తారు. సర్కారు ఉద్యోగులైతే వ్యాపారం మొదలెట్టక ముందే పై అధికారి అనుమతి అడగాలి.

ఇక పందిట్లో ప్రశ్న. అడిగినవాడికి పనికొచ్చే పని ఒక్కటే చెప్పండి. విజిటింగ్ కార్డులూ అంతే, పనికొకటి. ఒకే కార్డు మీద ఫొటోలు, ట్యూషన్లు, డ్రోన్ మందు పిచికారీ అని అచ్చేస్తే, ఏదీ సరిగ్గా రాదేమో అనుకుని పక్కన పెట్టేస్తారు.