మీ ఎంపీ సభలో ఏమి అడిగారు, ఊరికి ఏమి ఇచ్చారు: కనుక్కొనే పద్ధతి

పదవీకాలం సగం గడిచిన తరువాతనో, ఎన్నికలు దగ్గరపడినప్పుడో ఎంపీ కార్యాలయం నుంచి ఒక ప్రగతి నివేదిక ఇంటింటికీ అందుతుంది. అందులో 'తెచ్చిన నిధులు' అనే శీర్షిక కింద జాతీయ రహదారి విస్తరణ, రైల్వే వంతెన, ఉన్నత పాఠశాల ప్రహరీ గోడ, తాగునీటి బోరు అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. వీటిలో ఎంపీ తన సిఫారసుతో ఇచ్చినవి ఏవి, మంత్రిత్వ శాఖను పదే పదే అడిగి సాధించినవి ఏవి, ఎవరు ఎంపీగా ఉన్నా వచ్చి ఉండేవి ఏవి అన్నది ఆ నివేదికలో ఉండదు. ఈ మూడింటినీ వేరు చేయగలిగితే తప్ప మన ప్రతినిధి పనిని మంచిగా గానీ చెడుగా గానీ అంచనా వేయలేము. వేరు చేయడానికి కావలసిన కాగితాలన్నీ బహిరంగంగానే దొరుకుతాయి. వాటిని వెతికే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మీ ప్రాంతానికి సంబంధించిన ఒకే ఒక విషయాన్ని ఎంచుకోవాలి. అది ఆగిపోయిన రైల్వే లైను కావచ్చు, పంటకు మద్దతు ధర కావచ్చు, కేంద్రీయ విద్యాలయం కావచ్చు. ఎంపీ చేసిన పనులన్నిటినీ ఒకేసారి కొలవాలని కూర్చుంటే చివరకు హాజరు శాతం, ప్రశ్నల సంఖ్య అనే రెండు అంకెలు మాత్రమే మిగులుతాయి. హాజరు అంకెను ఎక్కువగా పట్టించుకోనక్కరలేదు. మంత్రులు హాజరు పట్టికలో సంతకం చేయరు, ప్రశ్నలు కూడా వేయరు కాబట్టి, మీ ఎంపీ కేంద్రమంత్రి అయితే ఈ కొలతలు రెండూ ఆయనకు వర్తించవు.

తరువాత పార్లమెంటు అధికారిక వెబ్‌సైట్ 'సంసద్ డాట్ ఇన్' తెరిచి, ప్రశ్నల విభాగంలో సభ్యుని పేరుతో గానీ, మంత్రిత్వ శాఖ పేరుతో గానీ వెతకాలి. ఇక్కడ రెండు రకాల ప్రశ్నలు కనిపిస్తాయి. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో సమాధానం చెప్పాలి, సభ్యులు దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వక సమాధానం మాత్రమే వస్తుంది. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 మాత్రమే జాబితాకు ఎక్కుతాయి, వాటి వరుసను లాటరీ నిర్ణయిస్తుంది. అందువల్ల నోటి ప్రశ్నలు తక్కువగా ఉన్నాయని సభ్యుని తప్పుపట్టడం న్యాయం కాదు. చూడవలసింది ప్రశ్నలోని మాటలను. 'దేశంలో రైల్వే వంతెనల పరిస్థితి ఏమిటి' అని అడగడం వేరు, ఫలానా స్టేషన్ దగ్గర లెవెల్ క్రాసింగ్ స్థానంలో కింది వంతెనకు అంచనాలు ఎప్పుడు ఆమోదించారు, ఎంత ఖర్చు పెట్టారు, జాప్యానికి కారణం ఏమిటి అని అడగడం వేరు. రెండో రకం ప్రశ్నకు మంత్రిత్వ శాఖ నిర్దిష్టమైన సమాధానం ఇవ్వక తప్పదు. మీ జిల్లా పేరు, ఊరి పేరు, ప్రాజెక్టు పేరు వచ్చిన ప్రశ్నలను మాత్రమే వేరుగా రాసుకుంటే, వందల సంఖ్యలో ప్రశ్నలు వేసిన సభ్యుడు మీ ప్రాంతం గురించి ఎన్నిసార్లు నోరు తెరిచారో తేలిపోతుంది.

సమాధానాన్ని కూడా అంతే శ్రద్ధగా చదవాలి. 'ఈ విషయం పరిశీలనలో ఉంది' అన్న వాక్యాన్ని చాలామంది దాటవేతగా భావించి అక్కడితో వదిలేస్తారు. నిజానికి అటువంటి వాక్యాన్ని సభకు ఇచ్చిన హామీగా పరిగణించే పద్ధతి పార్లమెంటులో ఉంది. హామీని సాధారణంగా మూడు నెలల్లో నెరవేర్చాలి, నెరవేరిందో లేదో చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ అనేది ప్రత్యేకంగా పనిచేస్తుంది. మీకు దొరికిన సమాధానంలో ఈ వాక్యం ఉంటే, ప్రశ్న సంఖ్య, తేదీ రాసుకొని, ఆ హామీ ఏమైందని ఎంపీకి లేఖ రాయండి. నా ఉద్దేశంలో నియోజకవర్గ పౌరులు చేయగలిగిన పనులలో దీనికి మించిన పని లేదు, ఎందుకంటే ఎంపీ సహాయకులకు వెతుక్కొనే శ్రమ తప్పుతుంది, మంత్రిత్వ శాఖకు తప్పించుకొనే దారీ మూసుకుపోతుంది.

ప్రశ్నలతో పాటు, ప్రజా సమస్యలను సభ దృష్టికి తెచ్చే ఇతర ప్రస్తావనలు, అంటే లోక్‌సభలో 377వ నిబంధన కింద చేసినవి, రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావనలు, అత్యవసర విషయాలను లేవనెత్తే జీరో అవర్ ప్రసంగాలు కూడా అదే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. బిల్లుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 'ఈ చట్టం నేను తెచ్చాను' అని ఒక సాధారణ సభ్యుడు చెప్పుకుంటే సందేహించాలి. మంత్రులు కాని సభ్యులు పెట్టే ప్రైవేటు సభ్యుల బిల్లులు స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి 14 మాత్రమే చట్టాలయ్యాయి, వాటిలో చివరిది 1970 నాటిది. అయినా అటువంటి బిల్లు పెట్టడం వృథా కాదు, అది ఒక సమస్యను సభ దృష్టికి తెస్తుంది. ప్రభుత్వ బిల్లులలో అధిక భాగం మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో 'అవును', 'కాదు' అని చెప్పే పద్ధతిలో ఆమోదం పొందుతాయి కాబట్టి, ఎవరైనా డివిజన్ (ఓట్ల లెక్కింపు) కోరితే తప్ప ఏ సభ్యుడు ఎటు ఓటు వేశారన్నది నమోదు కాదు. అప్పుడు చర్చలో ఆ సభ్యుడు ఏమి మాట్లాడారు, ఏ సవరణ ప్రతిపాదించారు అన్నదే మనకు ఆధారం.

ఇక నిధుల సంగతి. ఎంపీ స్వయంగా సిఫారసు చేయగలిగినది 'ఎంపీ ల్యాడ్స్' అని మనం పిలిచే స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం ఒక్కటే. 1993 డిసెంబరు 23న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు పార్లమెంటులో దీనిని ప్రకటించారు. 2011-12 నుంచి ఒక్కో సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయలు కేటాయిస్తున్నారు. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో నిలిపివేసి, 2021 నవంబరులో పునరుద్ధరించారు. 5 కోట్లు అనగానే పెద్ద మొత్తంగా తోస్తుంది, కానీ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఒక లోక్‌సభ స్థానం కింద 7 శాసనసభ నియోజకవర్గాలు ఉంటాయి. అంటే ఒక్కో దానికి ఏడాదికి సుమారు 71 లక్షలు. ఈ లెక్క మనసులో ఉంచుకుంటే, వందల కోట్ల పనిని ఎంపీ నిధులతో చేశామని ఎవరు చెప్పినా అది ఎంపీ నిధి కాదని వెంటనే గ్రహిస్తాము. అటువంటి పెద్ద పనుల నిధులను కేంద్ర బడ్జెట్ పత్రాలలో, రైల్వే అయితే పింక్ బుక్ అని వ్యవహరించే పనుల పద్దులో చూడాలి. ఒక లైను పేరు ఆ పద్దులో ఉన్నంత మాత్రాన సంతోషించకూడదు, ఎదురుగా ఉన్న అంకెను చూడాలి. పేరు నిలబెట్టడానికి నామమాత్రంగా వెయ్యి రూపాయలు చూపిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఎంపీ ల్యాడ్స్‌లో డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పనిని సిఫారసు చేస్తారు, జిల్లా కలెక్టర్ అర్హత పరిశీలించి మంజూరు చేస్తారు, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వంటి శాఖలు పని చేస్తాయి. జిల్లాలో ఈ ఫైళ్లను సాధారణంగా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం చూస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరించిన మార్గదర్శకాల ప్రకారం, సిఫారసు నుంచి చెల్లింపు వరకు ఈ-సాక్షి అనే ఆన్‌లైన్ వ్యవస్థలో సాగుతుంది. ఏటా కేటాయింపులో కనీసం 15 శాతం షెడ్యూల్డ్ కులాలు, 7.5 శాతం షెడ్యూల్డ్ తెగలు నివసించే ప్రాంతాలకు వెళ్లాలి. 5 కోట్లలో ఇవి వరుసగా 75 లక్షలు, 37.5 లక్షలు. మీ మండలంలోని దళితవాడలకు, తండాలకు ఈ వాటాలో ఎంత చేరిందన్నది తప్పకుండా అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే అక్కడివారి తరఫున అడిగేవారు తక్కువ.

వివరాల కోసం కలెక్టరేట్‌లోని ప్రజా సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద తెలుగులోనే దరఖాస్తు చేయవచ్చు. రుసుము 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి అదీ లేదు. 'ఎంపీ నిధుల వివరాలు ఇవ్వండి' అని రాస్తే ప్రయోజనం ఉండదు. ఫలానా ఆర్థిక సంవత్సరంలో, ఫలానా మండలంలో ఎంపీ సిఫారసు చేసిన పనుల జాబితా, సిఫారసు తేదీ, మంజూరు మొత్తం, పని చేసిన శాఖ, ఖర్చయిన మొత్తం, పూర్తయిన తేదీ, వినియోగ ధ్రువపత్రం నకలు అని విడివిడిగా అడగాలి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే మొదటి అప్పీలు చేయాలి. జాబితా చేతికి వచ్చాక పని స్థలానికి వెళ్లి చూడండి. పూర్తయిన పని దగ్గర ఎంపీ నిధులతో చేసినట్టు తెలిపే శిలాఫలకం ఉండాలన్నది నియమం. కాగితంపై ముగిసిన సామాజిక భవనానికి తలుపులు, కరెంటు ఉన్నాయా, తాళం ఎవరి దగ్గర ఉంది అన్నది అక్కడికి వెళితేనే తెలుస్తుంది.

మీ ఊరికే ఒక పని కావాలంటే, ఎంపీ పర్యటనలో దండతో పాటు చేతిలో పెట్టే అర్జీ సరిపోదు. గ్రామ పంచాయతీ తీర్మానం, స్థలం ప్రభుత్వానిదో పంచాయతీదో అని చూపే రికార్డు, సహాయ ఇంజనీరు వేసిన అంచనా, పూర్తయ్యాక నిర్వహణ బాధ్యత ఎవరిదో తెలిపే లేఖ జత చేయాలి. ఇవి లేక చాలా సిఫారసులు కలెక్టరేట్‌లోనే ఆగిపోతాయి. గుడి, మసీదు, చర్చి పనులకు, వ్యక్తుల సొంత ఆస్తులకు ఈ నిధులు వాడకూడదు కాబట్టి అటువంటి అర్జీలతో ఎవరి సమయమూ వృథా చేయవద్దు. లోక్‌సభ సభ్యుని నిధి అప్పటికే కేటాయింపు అయిపోయి ఉంటే రాజ్యసభ సభ్యులను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ నుంచి 11 మంది, తెలంగాణ నుంచి 7 మంది రాజ్యసభకు ఎన్నికవుతారు. వారు తమ రాష్ట్రంలోని ఏ జిల్లాలోనైనా పనులు సిఫారసు చేయవచ్చన్న సంగతి చాలా పంచాయతీలకు తెలియదు.

ఉపాధి హామీ, గ్రామ సడక్ వంటి కేంద్ర పథకాల పనులు నిలిచిపోతే, ఆ పథకాల అమలును సమీక్షించే, లోక్‌సభ సభ్యుని అధ్యక్షతన జరిగే జిల్లా 'దిశా' కమిటీ సమావేశంలో చర్చకు పెట్టమని కోరండి. ఆ కమిటీ మూడు నెలలకొకసారి సమావేశం కావాలి. లేఖలో పని పేరు, మంజూరు సంఖ్య, ఆగిన తేదీ రాసి, దానిని సమావేశానికి పది రోజుల ముందే అందించి, ఒక నకలుపై కార్యాలయ ముద్ర వేయించుకొని దగ్గర ఉంచుకోండి.